పాత గురువులు మనలోనే ఉంటారు

ప్రశ్న: మాచర్ల దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. శిక్షణలో కృత్యాలు చేయించమన్నారు. తరగతిలోకి వెళ్లగానే మళ్లీ వల్లె వేయిస్తున్నాను. ఎందుకిలా?

జవాబు: డీఎడ్ రెండేళ్లు. అంతకుముందు పన్నెండేళ్లు బల్లమీద కూర్చుని మీ గురువులను చూశారు, ఆ పాఠమే గట్టిగా నిలుస్తుంది. అమెరికా సామాజికశాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లోనే ఈ సంగతి రాశారు.

ఎక్కాలు వల్లె వేయించడం నేరమేమీ కాదు లెండి. అసలు చిక్కు పిల్లల గురించి మనకుండే నమ్మకాల్లో ఉంది. మిరప కోతలకెళ్లిన పిల్లలు నాగా పెడతారు. ‘కూలికెళ్లే వాళ్లకు చదువెక్కడ అబ్బుతుంది’ అనుకునే టీచరు ముందు వరసతోనే పాఠం కానిచ్చేస్తారు. పిల్లల్ని నమ్మిన టీచరు టిక్కీల (మిరప బస్తాల) తూకం, కూలి లెక్కలతోనే గుణకారం మొదలుపెడతారు.

మీ నమ్మకం ఎటుందో తెలియాలంటే, ఒక్క పీరియడ్‌లో మీరు ఎవరెవరిని ప్రశ్నలడిగారో తోటి టీచరుతో రాయించి చూడండి.