గురకయు గొంతుకలోని కంతియు

బిలాస్‌పూరులోని రాజ్‌కిశోర్ నగర్ వంటి పేటలందు గురకకై వైద్యునియొద్దకు పోవువారు అరుదు. అలసి నిద్రించువాడు గురకపెట్టక యేమి చేయునని ఇంటివారే సమాధానము చెప్పుకొందురు. రైల్వే కుటుంబములలో ఇంకొక చిక్కు కలదు. భర్త రాత్రి డ్యూటీపై బండి వెంట పోయినప్పుడు, ఇంట నిద్రించు భార్యకు ఊపిరి నిలుచుచున్నదేమో చూచువారుండరు. రన్నింగ్ రూములో నిద్రించు డ్రైవరు గురకను వినువారు తోటి సిబ్బందియే.

నిద్రలో గొంతుక కండరములు సడలును. గాలిత్రోవ ఇరుకైనచో గురక పుట్టును. పూర్తిగా మూసికొనినచో ఛాతి కదలుచున్నను గాలి లోనికి పోదు. 10 సెకండ్లు గాని అంతకు మించి గాని ఇట్లు నిలుచుటను స్లీప్ ఆప్నియా అందురు. ప్రాణవాయువు తగ్గగా మెదడు ఉలికిపడి రోగిని మేల్కొల్పును. గంటకు 30 మార్లు లేక అంతకు మించి శ్వాస ఇట్లు నిలుచుటయో కుంటుపడుటయో జరిగిన, వ్యాధి తీవ్రమైనదని ఎంచుదురు. ఉదయపు తలనొప్పి, రక్తపుపోటు, పగటి కునుకు దానిని అనుసరించి వచ్చును. ఇంజనులో కూర్చుండువానికి ఆ కునుకెంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు.

దీనికి సాధారణ కారణము స్థూలకాయము. పొరపాటు జరుగునదియు ఇచ్చటనే. నాలుక మొదట, టాన్సిలుపై, స్వరపేటికయొద్ద పెరుగు కంతి కూడ తొలుత గురకగానే బయటపడవచ్చును. అది హానిలేని నీటితిత్తి కావచ్చును, క్యాన్సరు కావచ్చును. కొలది నెలలలో క్రొత్తగా మొదలై పెరుగుచున్న గురక, మూడు వారములు దాటిన బొంగురు, ముద్దమాట, మ్రింగుటలో కష్టము, మెడలో గడ్డ, ఒక ప్రక్కనే పెరిగిన టాన్సిలు: వీనిలో ఏది కనబడినను గొంతుకను దుర్బిణితో చూపించుకొనవలయును. పొగాకు నమలువారును, శ్రీకాకుళపు తీరమున వలె అడ్డచుట్ట కాల్చు అలవాటున్న వృద్ధస్త్రీలును ఆ సంగతి దాచక వైద్యునికి చెప్పవలయును.

ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ 1981లో వెల్లడించిన సీపాప్ యంత్రము ముక్కుపై తొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపి, మెత్తని గోడలను విడదీసి నిలుపును. గట్టి కంతిని మాత్రము అది తొలగింపజాలదు. పైగా గురక కొంత అణగుటచేత రోగి తృప్తిపడును. లోపల కంతి పెరుగుచుండును. అందుచే ముందు గొంతుక పరీక్ష, పిదప యంత్రము.

హానిలేని కంతిని తీసివేసిన పిమ్మట కొందరికి ఆప్నియా పూర్తిగా మానును. క్యాన్సరు సంగతి వేరు. కిరణ చికిత్సలో గొంతుక పొర వాచి తొలుత శ్వాస మరింత ఇరుకగును. తరువాత కణజాలము బిరుసెక్కి, మునుపు లేని ఆప్నియా కొందరికి క్రొత్తగా రావచ్చును. త్రోవ మూసికొనిపోవునని తోచినచో వైద్యులు మెడయొద్ద శ్వాసనాళమునకు రంధ్రము చేయుదురు. ఇంటివారు దీనికి మిక్కిలి భయపడుదురు గాని, సీపాప్ రాకమునుపు తీవ్రమైన ఆప్నియాకు నమ్మదగిన చికిత్స ఇదియే. పలువురిలో ఇది తాత్కాలికము. మెలకువగా నున్నప్పుడే ఊపిరి తీయుటలో కూతవంటి ధ్వని వినబడినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్చవలయును.

నిద్రమాత్రలు, మద్యము గొంతుకను మరింత సడలించును, కనుక కూడవు. ఆప్నియా రోగులకు బరువు తగ్గుడని చెప్పుట వాడుక. క్యాన్సరు రోగికి ఆ మాట వర్తింపదు, అతనికి పుష్టియే ముఖ్యము. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చు వైద్యునికి గురక సంగతి తప్పక తెలుపవలయును. చికిత్స ముగిసిన కొలది నెలలకు, కంతి పోయినదని ఊరకుండక, నిద్రపరీక్ష మరల చేయించుకొనవలయును.