ఊరు విడిచినా విడవని భయం

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు జుడుం వాళ్లు, పోలీసులు. ఇంకోవైపు మావోయిస్టులు. నడుమ గొత్తికోయల ఊళ్లు కాలాయి. పిల్లాజెల్లతో అడవి దాటి వచ్చారు. అప్పటి వరంగల్ జిల్లా తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మిరపకాయ ఏరే కూలికి పోయారు. 2011లో జుడుంను ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో తాడ్వాయి దగ్గర జలగలంచలో అటవీ సిబ్బంది వాళ్ల గుడిసెలు కూల్చారు. పాత భయం మీద కొత్త భయం!

ఇల్లు కాలగా చూసిన ఆమెకు నిద్ర రాదు. కుక్క మొరిగితే ఉలిక్కిపడుతుంది. గుండె దడ. అన్నం సయించదు. పిల్లలు పక్క తడుపుతారు. గాలి సోకిందంటారు కొందరు. అది గాలీ కాదు, పిచ్చీ కాదు. చూసిన ఘోరం మనసులో దిగబడింది.

అటువంటి ఆమె మీ పక్కన కూలికి వస్తే? ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగొద్దు. తానే చెబితే వినండి. "మరిచిపో" అనొద్దు. అనడం తేలికే, మరిచేదెట్లా? భాష రాకున్నా పక్కన కూర్చోవచ్చు. తిండి, నీళ్లు, నలుగురితో పని కూడా మందే. పిల్లలను అంగన్‌వాడీకి తోలుకపోండి.

నెల దాటినా తగ్గకపోతే ఆశా కార్యకర్తకు చెప్పండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మనసు జబ్బుల డాక్టర్లున్నారు. 14416కు ఫోన్ చేస్తే పైసా పడదు. తెలుగులోనే మాట్లాడతారు. ఆమె చావు మాట ఎత్తితే మాత్రం ఒంటరిగా విడవొద్దు. ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి.