అగ్నిప్రమాదం తర్వాత ఆస్తి హక్కులు: చట్టం ఏం చెబుతోంది?

నేపథ్యం

2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఓ భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది చిన్నారులు. కింద దుకాణాలు, పైన కాపురాలు ఉండే ఇలాంటి భవనాలు పాతబస్తీలో చాలా ఉన్నాయి. ఇల్లు, వ్యాపారం, దస్తావేజులు ఒకేసారి కాలిపోయినప్పుడు మిగిలిన కుటుంబసభ్యులకు ఆస్తి దక్కేదెలా? పత్రం బూడిదైనంత మాత్రాన హక్కు పోదు. అయితే దాన్ని రుజువు చేసుకునే భారం కుటుంబానిదే. బీమా, రిజిస్ట్రేషన్, వారసత్వం, కౌలు చట్టాలన్నీ ఇక్కడ కలుస్తాయి కాబట్టి లాసెట్, జూనియర్ సివిల్ జడ్జి అభ్యర్థులు ఈ అంశాన్ని శ్రద్ధగా చదవాలి.

తొలి రికార్డులు

- పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకోవాలి (బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173). కాలిపోయిన పత్రాల పేర్లు, నంబర్లు ఫిర్యాదులోనే రాయాలి.
- అగ్నిమాపక శాఖ నుంచి ప్రమాద నివేదిక తీసుకోవాలి.
- మరణాలు సంభవిస్తే శవ పంచనామా (సెక్షన్ 194), పోస్టుమార్టం నివేదికలు భద్రపరచాలి. ఇవి ఆస్తి పంపకాలకూ ఆధారమవుతాయి.
- నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించినట్లు తేలితే బీఎన్‌ఎస్ సెక్షన్ 106 వర్తిస్తుంది.

బీమా: ఎవరి దగ్గరికి, ఎప్పటిలోగా?

ఇళ్ల కోసం ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇందులో భవనం విలువను నిర్మాణ ఖర్చు ప్రకారం లెక్కిస్తారు, స్థలం ధర కలపరు. భవనంతోపాటు సామాన్లకూ బీమా తీసుకుంటే, విడిగా జాబితా ఇవ్వకపోయినా భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల మేర సామాన్లకు రక్షణ ఉంటుంది.

ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీకి సమాచారం ఇవ్వాలి. సర్వేయర్ వచ్చి చూడకముందే శిథిలాలు ఎత్తేస్తే నష్టం లెక్క తేలడం కష్టం. ఎత్తక తప్పని పరిస్థితి వస్తే ముందుగా ఫొటోలు, వీడియోలు తీసి ఉంచాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే దారులివి:

- ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగం.
- ఆపై బీమా అంబుడ్స్‌మన్. పరిమితి రూ.50 లక్షలు. ఏడాదిలోగా వెళ్లాలి, ఫీజు లేదు.
- వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు (2019 చట్టం, సెక్షన్ 69). ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాక, కట్టిన ప్రీమియాన్ని బట్టి తేలుతుంది. ప్రశ్నల్లో తరచూ తికమకపెట్టేది ఇక్కడే.

దస్తావేజులు కాలిపోతే

రిజిస్టరైన సేల్‌డీడ్ నకలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉంటుంది. దరఖాస్తు చేస్తే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. అసలు దస్తావేజులో ఏముందో రుజువు చేయడానికి అది చెల్లుతుందని రిజిస్ట్రేషన్ చట్టం–1908 సెక్షన్ 57(5) చెబుతోంది. దస్తావేజు నంబరు గుర్తులేకపోతే ముందు ఈసీ తీయించాలి. అందులో నంబరు, సంవత్సరం దొరుకుతాయి.

వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టర్ చేయని వీలునామా కాలిపోతే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 60 కింద జిరాక్స్ కాపీలు, సాక్షుల వాంగ్మూలం లాంటి ద్వితీయ సాక్ష్యాన్ని కోర్టు ముందుంచవచ్చు. అయితే అసలు పత్రం నాశనమైందని ముందు చూపించాలి. ఫిర్యాదులో పత్రాల వివరాలు రాయమనేది ఇందుకే.

వారసత్వం: ఎవరు ముందు చనిపోయారు?

ఒకే ప్రమాదంలో ఇద్దరు చనిపోయి, ఎవరు ముందో తేలకపోతే పెద్దవారు ముందు, చిన్నవారు తర్వాత మరణించినట్లు భావించాలని హిందూ వారసత్వ చట్టం–1956 సెక్షన్ 21 చెబుతోంది. విరుద్ధంగా రుజువయ్యే వరకు ఈ భావనే చెల్లుతుంది.

ఉదాహరణ: తండ్రి స్వార్జితమైన ఇంటి విలువ రూ.60 లక్షలు. వీలునామా లేదు. మంటల్లో తండ్రి, కొడుకు చనిపోయారు. తల్లి, కూతురు, కోడలు మిగిలారు. కొడుకుకు పిల్లల్లేరు.

- సెక్షన్ 21 ప్రకారం కొడుకు తర్వాత చనిపోయినట్లు భావిస్తే తండ్రి ఆస్తి తల్లి, కూతురు, కొడుకులకు రూ.20 లక్షల చొప్పున వస్తుంది. కొడుకు వాటా మళ్లీ తల్లికి, కోడలికి సగం సగం. చివరికి తల్లికి 30, కూతురికి 20, కోడలికి 10 లక్షలు.
- కొడుకే ముందు చనిపోయాడని రుజువైతే కోడలు అతని వాటాకు వారసురాలవుతుంది. అప్పుడు ముగ్గురికీ 20 లక్షల చొప్పున.

ఆసుపత్రి రికార్డులో ఉన్న మరణ సమయం ఒక్కటే కోడలి వాటాను రెట్టింపు చేయగలదు.

బ్యాంకు డిపాజిట్ల లాంటి రావలసిన సొమ్ముకు భారత వారసత్వ చట్టం–1925 సెక్షన్ 372 కింద కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అవసరం కావచ్చు. తహసీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం బంధుత్వాన్ని మాత్రమే చూపుతుంది.

అద్దె, ఫ్లాట్, లాకర్

- అద్దె ఇల్లు పూర్తిగా పాడైతే లీజు రద్దు చేసుకునే ఐచ్ఛికం అద్దెదారుడిది (ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108(ఇ)). అతని తప్పు వల్లే నష్టం జరిగితే ఆ హక్కు ఉండదు. భవనం పోయినా కౌలు హక్కు దానంతటదే పోదని సుప్రీంకోర్టు 2014లో షాహా రతన్సీ ఖిమ్జీ కేసులో చెప్పింది.
- ఫ్లాట్ కాలిపోయినా స్థలంలో అవిభాజ్య వాటా యజమానిదే.
- బ్యాంకు లోపం వల్ల అగ్నిప్రమాదం జరిగి లాకర్‌లోని వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె రూ.3,000 అయితే రూ.3 లక్షలు.
- బాగా కాలి, ముట్టుకుంటే రాలిపోయే నోట్లను బ్యాంకు శాఖలు తీసుకోవు. ఆర్‌బీఐ ఇష్యూ కార్యాలయానికి తీసుకెళ్లాలి.

మాదిరి ప్రశ్నలు

1. ఏకకాల మరణాలపై భావన ఏ సెక్షన్‌లో ఉంది? (జవాబు: హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 21)
2. బీమా అంబుడ్స్‌మన్ పరిధి ఎంత? (జవాబు: రూ.50 లక్షలు)
3. మెయిన్స్: ‘అగ్నిప్రమాదం తర్వాత తొలి వారంలో సేకరించిన రికార్డులే ఆస్తి వివాదాల ఫలితాన్ని నిర్ణయిస్తాయి.’ సంబంధిత సెక్షన్లతో చర్చించండి.