ఎండోమెట్రియోసిస్: కారణాలు, లక్షణాలు, చికిత్స

నెలసరి రోజులలో పొత్తికడుపులో కొద్దిపాటి నొప్పి చాలామంది స్త్రీలకు కలుగుతుంది. ఒకటి రెండు రోజులు ఉండి, వేడినీటి కాపడంతోనో సాధారణ మాత్రతోనో తగ్గిపోయే నొప్పి గురించి ఆందోళన అవసరం లేదు. ప్రతి నెలా బడికి గానీ పనికి గానీ వెళ్లనీయకుండా మంచం పట్టించే నొప్పి ఆ కోవకు చెందదు. ‘ఆడపుట్టుక పుట్టాక తప్పదు’, ‘పెళ్లయితే తగ్గుతుంది’, ‘ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుంది’ అని పెద్దలు ఓదార్పుగానే అంటారు. ఆ ఓదార్పు మాటున ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి ఏళ్ల తరబడి గుర్తింపు లేకుండా ఉండిపోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసులోని స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచమంతటా దాదాపు 19 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. లక్షణాలు మొదలైన నాటి నుండి వ్యాధి పేరు తెలిసే వరకు అనేక సంవత్సరాలు గడిచిపోవడం దాదాపు అన్ని దేశాలలోనూ కనిపిస్తుంది. ఆ జాప్యాన్ని తగ్గించగలిగేది మొట్టమొదట రోగి, ఆమె కుటుంబమే.

వ్యాధి స్వరూపం

గర్భాశయపు లోపలి గోడను కప్పి ఉండే మెత్తని పొరను ఎండోమెట్రియం అంటారు. ప్రతి నెలా ఈస్ట్రోజన్ అనే హార్మోను ప్రభావంతో ఈ పొర మందమవుతుంది. గర్భం నిలవనప్పుడు అది విడిపోయి, రక్తంతో పాటు వెలుపలికి వస్తుంది. ఈ పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాలు, అండవాహికలు, గర్భాశయానికి మలాశయానికి నడుమనున్న ప్రదేశం, మూత్రాశయం, పేగులు దీనికి సాధారణ స్థానాలు. అరుదుగా సిజేరియన్ కోత మచ్చలో కూడా కనిపిస్తుంది.

ఈ కణజాలం కూడా హార్మోన్లకు స్పందించి నెలనెలా రక్తస్రావానికి లోనవుతుంది. అయితే ఆ రక్తం బయటికి వచ్చే దారి ఉండదు. చుట్టుపక్కల భాగాలు వాచి, క్రమంగా మచ్చ కడతాయి. విడివిడిగా కదలవలసిన అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం నిలిచి తిత్తిగా ఏర్పడితే, లోపలి ద్రవం ముదురు గోధుమరంగులో ఉండడం వల్ల దానిని చాక్లెట్ సిస్ట్ అని పిలుస్తారు. ఇది క్యాన్సర్ కాదు; ఒకరి నుండి మరొకరికి అంటదు; శుభ్రత లోపించడం వల్ల వచ్చేదీ కాదు.

కారణాలు

ఈ వ్యాధికి ఒకే ఒక కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఎక్కువ ఆమోదం పొందిన వివరణను 1920ల దశకంలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. నెలసరి రక్తంలో కొంత భాగం వెనుకకు మళ్లి, అండవాహికల గుండా ఉదరంలోకి చేరి, అందులోని కణాలు అక్కడే నాటుకొంటాయని ఆయన భావించాడు. ఇటువంటి వెనుక ప్రవాహం చాలామంది స్త్రీలలో జరుగుతుంది, వ్యాధి మాత్రం కొందరికే వస్తుంది. కాబట్టి ఆ కణాలను తొలగించవలసిన రోగనిరోధక వ్యవస్థ తీరు, వంశపారంపర్య లక్షణాలు, హార్మోన్ల ప్రభావం కూడా ఇందులో పాలుపంచుకొంటాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

తల్లికి గానీ తోబుట్టువుకు గానీ ఈ వ్యాధి ఉంటే ప్రమాదం పెరుగుతుంది. చిన్న వయసులోనే రజస్వల కావడం, 27 రోజుల లోపే నెలసరి రావడం, ఎక్కువ రోజులు అధికంగా రక్తస్రావం కావడం కూడా ప్రమాదాన్ని పెంచే అంశాలే. తల్లి అనుభవించిన బాధనే కుమార్తె కూడా పడుతుంటే ‘మా ఇంట్లో అందరికీ ఇంతే’ అని సరిపెట్టుకోరాదు. వైద్యునికి చెప్పవలసిన ముఖ్య సమాచారం అదే.

లక్షణాలు

నెలసరికి ఒకటి రెండు రోజుల ముందే మొదలై, ఏటేటా తీవ్రమయ్యే పొత్తికడుపు నొప్పి ప్రధాన లక్షణం. నొప్పి నడుముకు, తొడలకు పాకవచ్చు. దాంపత్య కలయికలో లోతుగా నొప్పి, నెలసరి రోజులలో మల విసర్జన లేదా మూత్ర విసర్జన సమయంలో నొప్పి, కడుపు ఉబ్బరం, వికారం, విడవని నీరసం ఇతర లక్షణాలు. కొందరిలో ఏ నొప్పీ లేకుండా, సంతానం కలగకపోవడం ఒక్కటే సూచన కావచ్చు. నొప్పి తీవ్రతకు, వ్యాధి విస్తృతికి నేరుగా సంబంధం లేదు. చిన్న మచ్చలున్నవారు విలవిలలాడవచ్చు. పెద్ద తిత్తి ఉన్నవారికి ఏమీ తెలియకపోవచ్చు.

బాధను చెప్పే తీరు

తెలుగు ఇళ్లలో నెలసరి బాధను మర్యాద కోసం ‘కడుపునొప్పి’ అనడం అలవాటు. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడవలసిన కుటుంబాలలో, భర్తో అత్తగారో చదువుకున్న కొడుకో వైద్యునికి ఆ మాటనే అనువదించి చెబుతారు. దాంతో గ్యాస్ మాత్రలతో చికిత్స ముగిసిపోతుంది. కలయికలోని నొప్పి, మల విసర్జనలోని నొప్పి ప్రస్తావనకే రావు. వ్యాధిని పట్టించే ఆనవాళ్లు మాత్రం అవే.

అందువల్ల మూడు నెలల పాటు క్యాలెండరులో గుర్తులు పెట్టుకోవడం మేలు. నెలసరి వచ్చిన తేదీ, నొప్పి ఉన్న రోజులు, పదింటికి ఎంత తీవ్రత, వేసుకున్న మాత్రలు, మానుకున్న పని లేదా బడి దినాలు వ్రాసుకోవాలి. పోటు, సలుపు, మంట, మెలిపెట్టినట్లుండడం వంటివి వేర్వేరు బాధలు కనుక ఏది ఎక్కడ కలుగుతోందో వేలితో చూపి చెప్పాలి. తేదీలు, అంకెలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. వైద్యునితో ఒంటరిగా మాట్లాడాలని కోరడం రోగి హక్కు. మాట సాయానికి నర్సును గానీ ఆశా కార్యకర్తను గానీ అడగవచ్చు.

నిర్ధారణ

వివరంగా చెప్పిన లక్షణాలు, వైద్య పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కాన్ నిర్ధారణకు తొలి మెట్లు. యోని మార్గం ద్వారా చేసే స్కాన్‌లో తిత్తులు బాగా కనిపిస్తాయి. అవివాహిత బాలికలకు సాధారణంగా పొట్టపై నుండి స్కాన్ చేస్తారు; అవసరమైతే ఎంఆర్ఐ సూచిస్తారు. పలుచని మచ్చలు స్కాన్‌లో కనిపించవు. కనుక స్కాన్ బాగానే ఉన్నదన్నంత మాత్రాన వ్యాధి లేదని అర్థం కాదు. చిన్న కోతతో కెమెరా పంపి చూసే లాపరోస్కోపీ చేస్తే గానీ చికిత్స మొదలుపెట్టరాదన్న పాత పద్ధతి మారింది. లక్షణాలను బట్టే మందులు ప్రారంభించవచ్చునని 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు సూచించాయి.

చికిత్స

వ్యాధిని పూర్తిగా మాన్పే మందు ఇంకా లేదు. బాధను అదుపు చేయడం, వ్యాధి పెరుగుదలను నెమ్మదింపజేయడం సాధ్యమే. మెఫెనామిక్ ఆమ్లం వంటి నొప్పి మాత్రలు నొప్పి మొదలవుతున్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి, ఆస్తమా ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా వాటిని వాడరాదు. గర్భనిరోధక మాత్రలు, డైనోజెస్ట్, హార్మోను విడుదల చేసే లూప్ వంటివి నెలసరిని తగ్గించడం లేదా ఆపడం ద్వారా ఉపశమనం ఇస్తాయి. పెళ్లికాని అమ్మాయికి గర్భనిరోధక మాత్ర వ్రాశారని కుటుంబం కలవరపడనక్కర లేదు. ఇక్కడ అది నొప్పికి మందు. సంతానం కోరుకునేవారికి ఈ మందులు తగవు కనుక ఆ విషయం ముందే చెప్పాలి. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది సహజంగానే తల్లులవుతారు. కొందరికి శస్త్రచికిత్స గానీ సంతాన సాఫల్య చికిత్స గానీ అవసరమవుతుంది.

గర్భసంచి తీసివేస్తే బాధ తీరుతుందన్న సలహా విషయంలో జాగ్రత్త అవసరం. వ్యాధి గర్భాశయం వెలుపల ఉంటుంది కాబట్టి, దానిని మాత్రమే తొలగిస్తే నొప్పి మిగిలిపోవచ్చు. గర్భాశయ తొలగింపులు అత్యధికంగా నమోదైన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే కూలీ స్త్రీలకు పెద్ద సంఖ్యలో ఈ శస్త్రచికిత్సలు జరిగిన సంగతి 2019లో చర్చకు వచ్చింది. అనవసర తొలగింపులను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఇటువంటి సలహా వచ్చినప్పుడు, సంతకం చేసే ముందు మరొక స్త్రీ వైద్య నిపుణుని అభిప్రాయం తీసుకోవాలి.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లాలి?

కింది ప్రశ్నలలో ఒక్కదానికైనా ‘అవును’ అన్న సమాధానం వస్తే, సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, స్త్రీ వ్యాధుల విభాగానికి పంపమని అడగాలి.

1. నెలసరి నొప్పి వల్ల ప్రతి నెలా పని గానీ బడి గానీ మానవలసి వస్తున్నదా?
2. మాత్రలు వేసుకున్నా నొప్పి లొంగడం లేదా? ఏటేటా పెరుగుతున్నదా?
3. కలయికలో గానీ, నెలసరి రోజులలో మలమూత్ర విసర్జన సమయంలో గానీ నొప్పి ఉన్నదా?
4. ఏడాదిగా ప్రయత్నిస్తున్నా గర్భం నిలవడం లేదా?

అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి, జ్వరం, స్పృహ తప్పడం, లేదా గర్భవతి కావచ్చునన్న అనుమానంతో పాటు నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.