పగడాల తొట్టెలో పాచి ఎందుకు పోదు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. చేపలకు మేత తగ్గించినా పగడాల అక్వేరియంలో పాచి పోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మేతకన్నా ముందు మీరు పోసే నీటిని అనుమానించండి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరికి వేసే యూరియాలో కొంత, పాచికి ఆహారమయ్యే నైట్రేటుగా మారి భూగర్భజలంలోకి దిగే వీలుంది. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరే, నైట్రేటు కాదు. తగ్గిన మేరకు బోరునీరు పోస్తుంటే అది పేరుకుంటూనే ఉంటుంది. మేం తాగే నీరే కదా అంటారేమో. తాగునీటి ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటును ఒప్పుకుంటుంది. పగడాలకు 5-10 చాలు. కాబట్టి ఆర్వో నీరే పోయండి. రుచి కోసం మామూలు నీరు కలిపే ఇంటి ఆర్వో మాత్రం పనికిరాదు. అలాగని నైట్రేటును సున్నాకు దించకండి, పగడాలు పాలిపోతాయి. ముందు బోరునీటిని టెస్ట్ కిట్‌తో చూసుకోండి.