బైపీసీ విద్యార్థికి గణిత నమూనాలు అందుతాయా?

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఇంటర్‌లో బైపీసీ కావడంతో లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. జీవావరణం, జీవపరిణామంలో పరిశోధనకు గణిత నమూనాలు తప్పవంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒకే ఒక్క సమీకరణంతో మొదలుపెట్టండి. ఏడాదికి ఒక తరం వచ్చే పురుగును తీసుకోండి. దాని సంఖ్యను గరిష్ఠ సంఖ్యలో వంతుగా, 0కీ 1కీ మధ్య కొలవండి.

వచ్చే ఏటి సంఖ్య = వృద్ధి రేటు × ఈ ఏటి సంఖ్య × (1 − ఈ ఏటి సంఖ్య)

అంతే, తీసివేతా గుణకారమూ వస్తే చాలు. రేటు 2.8, తొలి సంఖ్య 0.2 అనుకుంటే మరుసటి ఏడు 0.448. అలా ఇరవై ముప్పై తరాలు కాలిక్యులేటర్ మీద వేయండి, 0.64 దగ్గర నిలకడగా ఆగుతుంది. రేటు 3.2 చేయండి: ఒక ఏడు 0.51, మరో ఏడు 0.80. ఇక 3.9 దగ్గర ఏ వరసా ఉండదు. వానా ఎండా ఏమీ మారకుండానే సంఖ్య ఎగుడుదిగుడవుతుంది! 1976లో జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో ఈ సంగతే వివరించి, విద్యార్థులకు దీన్ని తొలినాళ్లలోనే పరిచయం చేయాలని కోరారు. ఆ మాట నాకు ఎంతో నచ్చుతుంది.

సాఫ్ట్‌వేర్ తర్వాత. ముందు చేత్తోనే గ్రాఫు గీయండి. ఆపైన కలన గణితం, మాత్రికలు, సంభావ్యత అవసరం పడిన క్రమంలో నేర్చుకోవచ్చు. సారా ఆటో, ట్రాయ్ డే 2007లో జీవశాస్త్రజ్ఞుల కోసమే రాసిన పాఠ్యపుస్తకం లైబ్రరీలో దొరికితే వదలకండి. అందులోని లెక్కలను చదివి ఊరుకోకుండా, మీరే చేసి చూడండి.