మంచు మీద ఆరుసార్లు
(క్రీడా పాఠం)



ఒలింపిక్స్ అనగానే మనకు పరుగుపందెం, కుస్తీ, విలువిద్య గుర్తుకొస్తాయి. అవన్నీ వేసవి ఒలింపిక్స్. శీతాకాల ఒలింపిక్స్ అని వేరే ఉన్నాయి. అవి 1924లో ఫ్రాన్స్ దేశంలోని షామొనీ అనే ఊరిలో మొదలయ్యాయి. వాటిలో ఆటలన్నీ మంచు మీద, గడ్డకట్టిన నీటి మీద ఆడతారు. మన దేశం 1964లో మొదటిసారి వాటిలో పాల్గొంది. 2022 బీజింగ్ పోటీల వరకు చూస్తే మనకు ఒక్క పతకం కూడా రాలేదు. అయినా మన దేశం నుంచి ఒకాయన ఆరుసార్లు వెళ్ళారు. ఆయన పేరు శివ కేశవన్. ఆయన ఆట పేరు ల్యూజ్.

ల్యూజ్ అంటే ఏమిటి?

తాటిమట్ట మీద కూర్చుని గట్టు మీదనుంచి జారడం మనందరికీ తెలుసు. ల్యూజ్ కూడా జారుడు ఆటే. కానీ ఇందులో కూర్చోరు, వెల్లకిలా పడుకుంటారు. కాళ్ళు ముందుకి, తల వెనక్కి. కింద 20 కిలోలకు పైగా బరువుండే చిన్న స్లెడ్ ఉంటుంది. దానికి రెండు ఉక్కు పట్టీలు ఉంటాయి. అవే మంచును తాకుతాయి. దారి మొత్తం గడ్డకట్టిన మంచు కాలువలాగా వంకరలు తిరిగి ఉంటుంది.

బయల్దేరేటప్పుడు రెండు పక్కలా ఉన్న పిడులు పట్టుకుని ముందుకు తోసుకుంటారు. చేతి తొడుగులకు చిన్న చిన్న ముళ్ళు ఉంటాయి. వాటితో మంచును గీకి ఇంకా వేగం తెచ్చుకుంటారు. ఆ తర్వాత పడుకోవడమే. ఇంజను లేదు, బ్రేకు లేదు. లాగేది భూమ్యాకర్షణ శక్తి. ఎత్తులో ఉన్నప్పుడు ఉన్న స్థితిశక్తి కిందికి వచ్చేకొద్దీ గతిశక్తిగా మారుతుంది. మన భౌతిక శాస్త్రం పాఠంలో చదివిందే. మంచు మీద ఘర్షణ బాగా తక్కువ కాబట్టి వేగం గంటకు 130 కిలోమీటర్లు కూడా దాటుతుంది.

మరి మలుపు తిప్పడం ఎలా? పిక్కలతో పట్టీల ముందు భాగాన్ని కొంచెం నొక్కాలి, భుజంతో కొంచెం ఒత్తాలి. ఎక్కువ నొక్కితే గోడకు తగులుతుంది. తల ఎత్తి దారి చూస్తే గాలి అడ్డుపడి వేగం తగ్గుతుంది. అందుకని దారి మొత్తం ముందే కంఠతా పట్టాలి.

ఒక లెక్క చేద్దాం

ల్యూజ్‌లో కాలాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. అంత అవసరమా అనిపిస్తుంది కదా? గంటకు 130 కిలోమీటర్లు అంటే 1,30,000 మీటర్లు. దాన్ని 3,600 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 36 మీటర్లు. సెకనులో వెయ్యో వంతులో 3.6 సెంటీమీటర్లు. అంటే రెండు వేళ్ళ వెడల్పు. ఆ రెండు వేళ్ళ తేడాతో కూడా గెలుపు ఓటమి అయిపోవచ్చు.

రోడ్డు మీద నేర్చుకున్న ఆట

శివ కేశవన్ 1981లో పుట్టారు. ఊరు హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి దగ్గర వశిష్ఠ్ గ్రామం. నాన్నగారిది కేరళ, అమ్మగారిది ఇటలీ. వాళ్ళ ఊళ్ళో మంచు పడుతుంది కానీ ల్యూజ్ దారి లేదు. ఆయన ఆడిన కాలమంతా మన దేశంలో అలాంటి కృత్రిమ మంచు దారి ఎక్కడా లేదు.

ఆయన బడిలో చదువుకునే రోజుల్లో ఆస్ట్రియా నుంచి గుంటర్ లెమ్మెరర్ అనే ఆటగాడు వచ్చి మన దేశంలో శిక్షణ శిబిరం పెట్టారు. మంచు లేదు కాబట్టి స్లెడ్‌కు చక్రాలు బిగించి నేర్పారు. తర్వాత కూడా కేశవన్ గారు చక్రాల స్లెడ్ మీద పడుకుని హిమాలయాల ఘాట్ రోడ్ల మీద సాధన చేశారు. ఎదురుగా లారీలు, మధ్యలో గొర్రెల మందలు. మన ఊళ్ళల్లో పిల్లలు బేరింగుల బండి చేసుకుని డౌన్‌లో దిగుతారు చూడండి, అలాంటిదే. కానీ ఆయన దాంతోనే ఒలింపిక్స్‌కు తయారయ్యారు.

1998 ఫిబ్రవరిలో జపాన్‌లోని నగానోలో పోటీలు జరిగాయి. అప్పటికి ఆయనకు 16 ఏళ్ళు. మన పదో తరగతి అక్కల కంటే ఒక ఏడాది పెద్ద, అంతే. ఆ పోటీలకు మన దేశం నుంచి వెళ్ళింది ఆయన ఒక్కరే. అక్కడి దారికి ఒక వింత ఉంది. మధ్యలో రెండు చోట్ల దారి పైకి ఎక్కుతుంది. ముందు తెచ్చుకున్న వేగం పోగొట్టుకుంటే ఆ ఎక్కుడులో వెనకబడిపోతారు. కేశవన్ గారికి 28వ స్థానం వచ్చింది.

తర్వాత 2002 సాల్ట్ లేక్ సిటీలో 33, 2006 టూరిన్‌లో 25, 2010 వాంకూవర్‌లో 29, 2014 సోచీలో 37, 2018 ప్యాంగ్‌చాంగ్‌లో 34. ఇవీ ఆయన స్థానాలు.

వాంకూవర్‌లో పోటీలు మొదలయ్యే రోజే, 2010 ఫిబ్రవరి 12న, జార్జియా దేశపు ల్యూజ్ ఆటగాడు నోదార్ కుమారితష్విలి సాధనలో ప్రమాదం జరిగి చనిపోయాడు. వయసు 21. అదే దారి మీద మిగతావాళ్ళందరూ దిగాలి. కేశవన్ గారూ దిగారు.

సోచీలో ఇంకో కష్టం. మన ఒలింపిక్ సంఘం ఎన్నికల్లో నియమాలు పాటించలేదని అంతర్జాతీయ సంఘం 2012లో దాన్ని సస్పెండ్ చేసింది. అందుకని 2014లో మన ఆటగాళ్ళు ప్రారంభోత్సవంలో మన జెండా లేకుండా, ఒలింపిక్ జెండా కింద నడిచారు. తప్పు పెద్దవాళ్ళది, జెండా పోయింది ఆటగాళ్ళకి. కేశవన్ గారి పోటీ అయిపోయాక ఫిబ్రవరి 11న ఆ సస్పెన్షన్ తీసేశారు. అక్కడే సాధనలో ఆయన స్లెడ్ మీదనుంచి పడిపోయి, జారుతూనే మళ్ళీ దాని మీదకి ఎక్కి కిందిదాకా వెళ్ళారు.

28వ స్థానం అంటే ఏం గొప్ప?

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. నగానోలో స్వర్ణం గెలిచింది జర్మనీకి చెందిన జార్జ్ హాకల్. 1992, 1994, 1998 వరుసగా మూడుసార్లు గెలిచారు. ఆయన పెరిగిన బెర్క్టెస్‌గాడెన్ ప్రాంతంలోనే ల్యూజ్ దారి ఉండేది. అక్కడి పిల్లలు చిన్నప్పటినుంచీ దాని మీద నేర్చుకునేవారు. ఫలితాల పట్టికలో ఎవరు ఎన్నో స్థానమో రాస్తారు. ఎవరు ఎక్కడినుంచి బయల్దేరారో రాయరు.

ఇది మనకు బాగా తెలిసిన సంగతి. మా ఇంట్లో అక్షరం నాతోనే మొదలైంది. మీలో చాలామంది ఇంట్లోనూ అంతే. లెక్క రాకపోతే ఇంటి దగ్గర చెప్పేవాళ్ళు లేరు. మార్కుల జాబితాలో అది కనిపించదు.

అలాగని స్థానం అబద్ధం కాదు. ఆరుసార్లలో ఆయన 25 కంటే పైకి వెళ్ళలేదు. ధైర్యం లేక కాదు. దారి లేక, మంచి స్లెడ్‌కు, శిక్షకులకు డబ్బు చాలక. దారి దొరికినప్పుడు ఏం చేయగలరో 2011లో చూపించారు. అదే నగానోలో ఆసియా పోటీల్లో స్వర్ణ పతకం గెలిచారు. 2012, 2016, 2017లో కూడా ఆసియా స్వర్ణం ఆయనదే. 2020లో మన ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది.

కాబట్టి నాకు అనిపించేది ఇది. పట్టుదల ఉన్న పిల్లను మెచ్చుకుంటే చాలదు. ఆ పిల్లకు దారి కూడా వేయాలి. ఆటకైనా చదువుకైనా అంతే. దారి వచ్చేదాకా మాత్రం చక్రాలు కట్టుకుని అయినా సాధన మానకూడదు.

ప్రశ్నలు (జవాబులు పాఠంలోనే ఉన్నాయి)

1. ల్యూజ్ స్లెడ్‌ను ఏ శక్తి లాగుతుంది?
2. వేగం గంటకు 108 కిలోమీటర్లు అయితే సెకనులో వెయ్యో వంతులో ఎంత దూరం పోతుంది? (పాఠంలోని లెక్కలాగే చేయండి.)
3. 2014లో మన ఆటగాళ్ళు మన జెండా లేకుండా ఎందుకు నడిచారు?
4. మీరు నేర్చుకోవాలనుకునే పనికి మీ ఊళ్ళో ఏ 'దారి' లేదు? నాలుగు వాక్యాలు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని